కారు హీటరు

కారు హీటరు అనేది కారులో కూర్చున్నవారికి వెచ్చని గాలిని అందించే పరికరం. పెట్రోలు, డీజిలు కార్లలో ఇది ఇంజను నడిచేటప్పుడు పుట్టే వేడినే వాడుకుంటుంది. హీటరు వేసినా చల్లని గాలి రావడం దీనిలో తరచుగా కనిపించే లోపం. చాలా సందర్భాలలో ఈ లోపానికి మూలం హీటరులో కాక, ఇంజనును చల్లబరిచే వ్యవస్థలో ఉంటుంది. కనుక దీనిని ఇంజనుకు రాబోయే ప్రమాదానికి హెచ్చరికగా భావించాలి.

వినియోగం

అమెరికాలోని మిన్నెసోటా, మిచిగాన్ వంటి శీతల రాష్ట్రాలలో నివసించే తెలుగువారికి చలికాలంలో హీటరు తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లో లంబసింగి, అరకు లోయ వంటి మన్యం ప్రాంతాలలో శీతాకాలపు ఉదయాలలో ఉపయోగపడుతుంది. కడప జిల్లాలోని బద్వేలు ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది కాబట్టి హీటరు అవసరం తక్కువ. అయినా ఇక్కడ దానికి రెండు ఉపయోగాలున్నాయి. ఒకటి, అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలలో ముందు అద్దానికి లోపలివైపు పట్టే ఆవిరిని పోగొట్టడం. రెండవది, వేసవిలో ఇంజను అతిగా వేడెక్కినపుడు రెండవ రేడియేటరు వలె పనిచేసి కొంత వేడిని లాగివేయడం. బద్వేలు నుండి నెల్లూరు వైపు వెలికొండలను దాటే వాహనాలకు ఇది అక్కరకు వస్తుంది.

పనిచేసే విధానం

ఇంజను చుట్టూ తిరిగే ద్రవాన్ని కూలెంటు అంటారు. ఇది సాధారణంగా నీరు, ఇథిలీన్ గ్లైకాల్‌ల మిశ్రమం. నీళ్ల పంపు దీనిని ఇంజనులోనికి, రేడియేటరులోనికి నెడుతుంది. థర్మోస్టాటు అనే కవాటం కూలెంటు సుమారు 80 నుండి 90 డిగ్రీలకు చేరేవరకు రేడియేటరు దారిని మూసి ఉంచుతుంది. వేడి కూలెంటులో కొంత భాగం రెండు గొట్టాల ద్వారా డ్యాష్‌బోర్డు వెనుకనున్న చిన్న రేడియేటరులోనికి వెళ్లి వస్తుంది. దీనిని హీటరు కోర్ అంటారు. ఫ్యాను గాలి దీని గుండా వీచి వెచ్చబడుతుంది. ఎంత గాలి కోర్ గుండా పోవాలో ఒక చిన్న తలుపు నిర్ణయిస్తుంది.

చల్లని గాలికి కారణాలు

* కూలెంటు తగ్గిపోవడం. ఇది అన్నిటికన్నా సాధారణమైన కారణం. హీటరు కోర్ చాలా కార్లలో ఎత్తుగా ఉంటుంది కనుక మట్టం తగ్గగానే ముందుగా అందులోనికి ద్రవం రావడం ఆగిపోతుంది.
* గొట్టాలలో గాలి చిక్కుకోవడం.
* థర్మోస్టాటు తెరుచుకుని బిగిసిపోవడం, లేదా దానిని తీసివేయడం. ఎండ ప్రాంతాలలో ఇంజను చల్లగా ఉంటుందని కొందరు దీనిని తీసివేయిస్తారు. దీనివలన ఇంజను తగిన వేడికి చేరక ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది.
* హీటరు కోర్ పూడుకుపోవడం. లవణాలు ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు పోసిన కార్లలో గార కట్టి, తుప్పు చేరి సన్నని దారులు మూసుకుంటాయి.
* గాలి తలుపు, దాని తీగ లేదా మోటారు పాడవడం.
* నీళ్ల పంపు, హెడ్ గాస్కెట్ దెబ్బతినడం.

నిర్ధారణ

మొదట ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత కూలెంటు మట్టాన్ని చూడాలి. మట్టం సరిగా ఉంటే ఇంజనును పదిహేను నిమిషాలు నడిపి ఉష్ణోగ్రత సూచికను గమనించాలి. సూచిక పైకి రాకపోతే థర్మోస్టాటును అనుమానించాలి. ఇంజను వేడెక్కినా గాలి చల్లగానే ఉంటే, హీటరును పూర్తి వేడిమీద ఉంచి, ఇంజను ఆపి, హీటరు గొట్టాలు రెండింటినీ గుడ్డతో జాగ్రత్తగా తాకి చూడాలి.

* రెండూ వేడిగా ఉంటే లోపం గాలి తలుపులో ఉంటుంది.
* ఒకటి వేడిగా, రెండవది చల్లగా ఉంటే కోర్ పూడుకుని ఉంటుంది, లేదా దాని కవాటం మూసుకుని ఉంటుంది.
* రెండూ చల్లగా ఉంటే కూలెంటు అక్కడికి చేరడం లేదు. గాలి చిక్కుకోవడం, పంపు లోపం ఇందుకు కారణాలు కావచ్చు.

కాళ్ల దగ్గర తివాచీ తడిసి తియ్యని వాసన వస్తే కోర్ కారుతున్నట్లు. పొగగొట్టం నుండి తెల్లని పొగ ఆగకుండా రావడం, ఇంజను ఆయిలు పాలరంగుకు మారడం హెడ్ గాస్కెట్ లోపానికి గుర్తులు.

మరమ్మత్తు

కూలెంటు తగ్గితే పోసి ఊరుకోకుండా ఎక్కడ కారుతున్నదో కనుగొనాలి. గాలి చిక్కితే, కారు తయారీదారు సూచించిన పద్ధతిలో గాలిని బయటకు పంపాలి. థర్మోస్టాటు పాడైతే కొత్తది వేయాలి. పూడిన కోర్‌ను నీటితో రెండు వైపుల నుండి కడిగించవచ్చు. ఫలితం లేకపోతే మార్చాలి. కొత్త కూలెంటు కలపడానికి బోరు నీరు కాక డిస్టిల్డ్ వాటర్ వాడాలి.

జాగ్రత్తలు

వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎన్నడూ తీయరాదు. పీడనంలో ఉన్న ద్రవం ఎగజిమ్మి ముఖం, చేతులు కాలిపోతాయి. కాలుతున్న ఇంజనులో చల్లని నీరు ఒక్కసారిగా పోస్తే లోహం పగలవచ్చు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం కనుక పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచాలి.

ఇంజను వేడెక్కినపుడు ఏసీ ఆపి హీటరు వేసిచూస్తే చల్లని గాలి వచ్చినట్లయితే, కూలెంటు చాలా వరకు పోయిందని అనుమానించాలి. అప్పుడు సూచికను నమ్మరాదు. దాని సెన్సారు ద్రవంలో మునిగి లేకపోతే తక్కువ వేడిని చూపవచ్చు. వెంటనే కారును పక్కకు ఆపి ఇంజను కట్టివేయాలి. ఆ తరువాత నడిపే కొద్ది కిలోమీటర్లే హెడ్ గాస్కెట్‌ను, కొన్నిసార్లు మొత్తం ఇంజనునే పాడుచేస్తాయి.