ఫార్మసిస్టుల మనస్సాక్షి నిరాకరణ

వైద్యుడు చట్టబద్ధంగా రాసిన మందును, అది తన మత లేదా నైతిక విశ్వాసానికి విరుద్ధమన్న కారణంతో ఇవ్వడానికి ఫార్మసిస్టు ఒప్పుకోకపోవడాన్ని మనస్సాక్షి నిరాకరణ అంటారు. అమెరికాలో ఈ వివాదం ప్రధానంగా ప్లాన్ బి వంటి అత్యవసర గర్భనిరోధక మాత్రల చుట్టూ సాగింది. వీటిలోని లెవోనార్జెస్ట్రెల్ ముఖ్యంగా అండం విడుదలను ఆలస్యం చేస్తుందే గాని ఏర్పడిన గర్భాన్ని తొలగించదు. అయినా ఫలదీకరణతోనే ప్రాణం మొదలవుతుందని నమ్మేవారు, పిండం గర్భాశయంలో నాటుకోకుండా ఈ మాత్ర అడ్డుపడవచ్చన్న అనుమానంతో దీనిని గర్భస్రావంతో సమానంగా చూశారు. ఆ అనుమానం పూర్తిగా నిరాధారమని కొట్టివేయడం న్యాయం కాదు, ఎందుకంటే మందుతో వచ్చే సమాచార పత్రమే చాలాకాలం అలా చెప్పింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో గాని ఆ మాటను తొలగించలేదు.

ఇలినాయ్ రాష్ట్రంలో 2005లో గవర్నరు తెచ్చిన నిబంధన, గర్భనిరోధకాలను జాప్యం లేకుండా ఇవ్వాలని మందుల దుకాణాలను ఆదేశించగా, దానిపై దావా వేసిన వారికి రాష్ట్ర మనస్సాక్షి హక్కు చట్టం రక్షణ ఇస్తుందని 2012లో అప్పీలు న్యాయస్థానం తేల్చింది. వాషింగ్టన్ రాష్ట్రపు 2007 నియమాలు మరింత నేర్పుగా, బాధ్యతను వ్యక్తిపై గాక దుకాణంపై మోపాయి: విశ్వాసం అడ్డొచ్చిన ఫార్మసిస్టు తప్పుకోవచ్చు, కాని అదే దుకాణంలో మరొకరు మందు ఇవ్వాలి, రోగిని వేరేచోటికి పంపరాదు. ఒకే ఫార్మసిస్టు ఉన్న చిన్న దుకాణానికి ఈ వెసులుబాటు నామమాత్రమే. ఒలింపియా నగరంలోని స్టోర్మన్స్ కుటుంబ సంస్థ, ఇద్దరు ఫార్మసిస్టులు ఈ నియమాలపై వేసిన దావాలో జిల్లా న్యాయస్థానం 2012లో వారి పక్షాన తీర్పిచ్చినా, 2015లో అప్పీలు న్యాయస్థానం నియమాలనే సమర్థించింది. 2016లో సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించగా, న్యాయమూర్తి శామ్యూల్ అలీటో మరి ఇద్దరితో కలిసి అసమ్మతి ప్రకటించారు.