మాంసకృత్తుల లోటా? తిండి లోటా?

ముందుగా ఒక చిన్న లెక్క చేద్దాం. రెండేళ్లు నిండిన ఒక పాప రోజుకు 120 గ్రాముల బియ్యం, 30 గ్రాముల కందిపప్పు వండి పెడితే తింటున్నదనుకోండి. 100 గ్రాముల బియ్యంలో సుమారు 345 కిలోకేలరీల శక్తి, 6.8 గ్రాముల మాంసకృత్తులు (అంటే ప్రోటీన్లు) ఉంటాయి. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 335 కిలోకేలరీలు, 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కూడి చూడండి. పాపకు రోజుకు దాదాపు 15 గ్రాముల మాంసకృత్తులు, 515 కిలోకేలరీల శక్తి అందుతున్నాయి. ఆ వయసు పిల్లలకు కావలసినవి సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు, 1,000కి పైగా కిలోకేలరీలు.

చూశారా? మాంసకృత్తులు సరిపోయాయి, శక్తి మాత్రం సగమే అందింది. అప్పుడు శరీరం ఏం చేస్తుంది? ఎదుగుదలకు వాడుకోవలసిన మాంసకృత్తులనే శక్తి కోసం ఖర్చు చేసేస్తుంది. వంటచెరకు అయిపోయిన ఇంట్లో, ఇల్లు కట్టుకోవడానికి తెచ్చుకున్న దూలాలనే చీల్చి పొయ్యిలో పెట్టినట్లన్నమాట. ఈ పాపను పరీక్షిస్తే మాంసకృత్తుల లోపం లక్షణాలు కనిపించినా ఆశ్చర్యం లేదు. మరి ఆమెకు ఏమివ్వాలి? మాంసకృత్తుల పొడి డబ్బానా, పూటకు ఇంకో రెండు ముద్దల అన్నమా?

ఈ ప్రశ్న మీద ప్రపంచ శాస్త్రజ్ఞులు దాదాపు 20 ఏళ్లు తర్జనభర్జన పడ్డారు. అది ఒక కొలిక్కి రావడంలో హైదరాబాదులోని తార్నాకలో ఉన్న ఒక పరిశోధన సంస్థ పాత్ర చాలా ఉంది. ఆ కథేమిటో చూద్దాం.

ఒక రోగం, ఒక లోపం

కథ 1918లో నీలగిరి కొండల మీద, కూనూరులో మొదలవుతుంది. అక్కడి పాశ్చర్ సంస్థలో ఒకే ఒక్క గదిలో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధి మీద పరిశోధన ప్రారంభించాడు. కాళ్లు తిమ్మిరెక్కి, నరాలు, గుండె బలహీనపడి మనిషిని తీసుకుపోయే జబ్బు అది. ఆ రోజుల్లో మన ఉత్తర సర్కారు జిల్లాలలో అది ఎక్కువగా ఉండేది. కారణం మరపట్టిన పచ్చిబియ్యం. తవుడుతో పాటు థయమిన్ అనే బి విటమిన్ కూడా పోయేది. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాలలో ఈ జబ్బు అంతగా లేదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు తవుడులోని విటమిన్ కొంత గింజ లోపలికి ఇంకడమే దీనికి కారణం.

అది విటమిన్ల యుగం. థయమిన్ లేకపోతే బెరిబెరి, సి విటమిన్ లేకపోతే స్కర్వీ, డి విటమిన్ లేకపోతే రికెట్స్. ప్రతి రోగానికీ ఆహారంలో ఏదో ఒక్క పదార్థం తక్కువై ఉంటుంది, దాన్ని పట్టుకుని అందిస్తే రోగం పోతుంది! ఇంత చక్కని సూత్రం ఎవరికి నచ్చదు? మెకారిసన్ గది 1928 నాటికి పోషకాహార పరిశోధనశాలగా ఎదిగింది. 1937లో అప్పటి డైరెక్టరు ఆక్రాయిడ్ భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికను వెలువరించాడు. మనం పైన వేసిన లాంటి లెక్కలకు పునాది ఆ పట్టికే.

ప్రపంచానికి మాంసకృత్తుల భయం

ఇప్పుడు పశ్చిమ ఆఫ్రికాకు వెళదాం. 1933లో గోల్డ్ కోస్టులో (నేటి ఘనా) పనిచేస్తున్న సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు పిల్లల్లో ఒక వింత జబ్బును వర్ణించింది. కాళ్లు, ముఖం ఉబ్బుతాయి, జుట్టు రంగు మారుతుంది, చర్మం పొరలుగా ఊడుతుంది. స్థానికులు దాన్ని క్వాషియార్కర్ అనేవారు. తమ్ముడో చెల్లెలో పుట్టి, తల్లిపాలకు దూరమైన బిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. పాలు మానిన ఆ పిల్లలకు దొరికేది మొక్కజొన్న జావ ఒక్కటే. కాబట్టి ఇది మాంసకృత్తుల లోపం కావచ్చునని ఆమె ఊహించింది. పాలు ఇస్తే చాలామంది కోలుకునేవారు. పాలతో పాటు శక్తి కూడా అందుతున్నదన్న సంగతిని ఆ రోజుల్లో ఎక్కువమంది పట్టించుకోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ఊహకు రెక్కలొచ్చాయి. 1955లో మాంసకృత్తుల విషయమై సలహాలిచ్చేందుకు ఒక అంతర్జాతీయ బృందం ఏర్పడింది. 1968లో ఐక్యరాజ్య సమితి, ముంచుకొస్తున్న మాంసకృత్తుల సంక్షోభం గురించి ఒక నివేదికే ప్రచురించింది. ఇక చూడండి! చేపల పిండి, సోయా పిండి, పెట్రోలియం వ్యర్థాల మీద పెంచిన ఈస్టు, ఇలా ఎన్నో ప్రయత్నాలు జరిగాయి. మన దేశంలోనూ మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వేరుశనగ పిండి, శనగపిండి కలిపి ఒక పౌష్టికాహారం తయారుచేసింది. ఇవి చెడ్డ ఆహారాలు కావు. ఉద్దేశమూ మంచిదే. కాని రోగ నిర్ణయం సరైనదేనా అన్నదే ప్రశ్న.

తార్నాకలో తేలిన సంగతి

కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మార్చుకుంది. ఆ కాలంలో దానికి నాయకత్వం వహించినవారు డాక్టర్ సి. గోపాలన్. 1918లో సేలంలో పుట్టి, 2019లో తన 100వ ఏట కన్నుమూసిన ఈ వైద్యుణ్ణి భారత పోషకాహార శాస్త్రానికి పెద్దదిక్కు అనవచ్చు.

పిల్లల ఆసుపత్రులలో తిండి చాలక వచ్చే జబ్బు రెండు రూపాల్లో కనిపించేది. ఒకటి ఒళ్లు ఉబ్బే క్వాషియార్కర్. రెండోది పిల్లవాడు ఎముకల గూడులా చిక్కిపోయే మరాస్మస్. మాంసకృత్తుల లోటు వల్ల మొదటిది, శక్తి లోటు వల్ల రెండోది వస్తాయని పుస్తకాలు చెప్పేవి. అదే నిజమైతే ఈ రెండు రకాల పిల్లలు జబ్బు పడకముందు తిన్న తిండి వేరువేరుగా ఉండాలి కదా? గోపాలన్ బృందం ఆ తిండినే పరిశీలించింది. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒకే రకం తిండి తిన్న పిల్లల్లో కొందరికి ఒక రూపం, మరికొందరికి మరో రూపం వస్తున్నాయి. అందరికీ తక్కువైనది మొత్తం తిండి. 1968లో గోపాలన్ ఈ సంగతిని శాస్త్ర ప్రపంచం ముందు పెట్టారు.

దాదాపు అదే సమయంలో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థలో పనిచేస్తున్న భారతీయ గణాంక శాస్త్రజ్ఞుడు పి.వి. సుఖాత్మే మరో దారిలో ఇదే చోటికి చేరుకున్నారు. మన దేశపు ఆహార సర్వేల అంకెలను విశ్లేషించి, కడుపు నిండా తినే ఇళ్లలో మాంసకృత్తుల లోటు అరుదని 1970లో చూపించారు.

అంకెలు సరే. ప్రయోగం మాటేమిటి? హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో 1 నుంచి 5 ఏళ్ల పిల్లలకు పరిశోధకులు రోజూ అదనంగా కొంత తిండి పెట్టారు. గోధుమపిండి, చక్కెర, నూనెలతో చేసిన తీపి పదార్థమది. అందులో శక్తి 310 కిలోకేలరీలు, మాంసకృత్తులు 3 గ్రాములు మాత్రమే. కావాలనే మాంసకృత్తులను అంత తక్కువగా ఉంచారు. 14 నెలలు గడిచాయి. అదనపు తిండి దొరకని పిల్లలకంటే ఈ పిల్లలు ఎత్తులోనూ, బరువులోనూ స్పష్టంగా ముందున్నారు! శక్తి లోటు తీరగానే, ఇంటి తిండిలో అంతకుముందే ఉన్న మాంసకృత్తులు ఎదుగుదలకు అందివచ్చాయన్నమాట. ఈ ఫలితాలు 1973లో ప్రచురితమయ్యాయి.

అదే ఏడాది ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘం మాంసకృత్తుల అవసరాల అంచనాను బాగా తగ్గించింది. మరుసటి ఏడాది, అంటే 1974లో, బీరూట్‌లో పనిచేస్తున్న డోనాల్డ్ మెక్‌లారెన్ ‘లాన్సెట్’ పత్రికలో ఘాటైన వ్యాసం రాశాడు. లేని సంక్షోభం వెంట పరుగెత్తి, ఎన్నో ఏళ్ల కాలాన్నీ, డబ్బునూ వృథా చేశామని, ఈలోగా పిల్లలు ఆకలితోనే ఉండిపోయారని అతని ఆరోపణ.

ఎందుకింత పట్టింపు?

‘ఏ లోటైతేనేం, పిల్లలకు ఏదో ఒకటి పెడుతున్నారు కదా’ అని మీరు అనవచ్చు. ఆలోచించండి. లోటు మాంసకృత్తులదే అయితే, పరిష్కారం కర్మాగారంలో తయారయ్యే ప్రత్యేక పిండి. లోటు తిండిదే అయితే, పరిష్కారం కూలి రేట్లలో ఉంది, బియ్యం ధరలో ఉంది, రేషను దుకాణంలో ఉంది. పొద్దున్నే పొలానికి వెళ్లి సాయంత్రం వచ్చే తల్లి బిడ్డకు రోజుకు ఎన్నిసార్లు పెట్టగలదన్న దానిలో ఉంది. చిన్నపిల్లల పొట్ట చిన్నది. రెండు పూటల అన్నంతో దానికి కావలసిన శక్తి అందదు. నాలుగైదుసార్లు పెట్టాలి, కాస్త నూనె కలపాలి. ఒక గ్రాము నూనె 9 కిలోకేలరీలిస్తే, ఒక గ్రాము పిండిపదార్థం 4 మాత్రమే ఇస్తుంది. తిండి చాలని తల్లికి ‘బలమైన ఆహారం పెట్టమ్మా’ అని గోడల మీద రాసి చూపితే ఏం లాభం?

1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అంటే మనకు తెలిసిన అంగన్‌వాడీలు, ఆరేళ్ల లోపు పిల్లలకు రోజుకు 300 కిలోకేలరీలు, 8 నుంచి 10 గ్రాముల మాంసకృత్తులు అదనంగా ఇవ్వాలని నిర్ణయించాయి. 2009లో దీన్ని 500 కిలోకేలరీలకు, 12 నుంచి 15 గ్రాములకు పెంచారు. ఖరీదైన పొడులు కావు, స్థానికంగా దొరికే ధాన్యం, పప్పులే దీనికి చాలు.

అయితే, కడుపు నిండితే చాలు, మిగిలినవన్నీ వాటంతటవే వస్తాయని పొరబడకండి. ఎ విటమిన్ లోపం వల్ల పిల్లలు చూపు కోల్పోతుంటే, ఇదే సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో ఆరు నెలలకోసారి ఎ విటమిన్ మోతాదు ఇచ్చే జాతీయ కార్యక్రమం మొదలైంది. అక్కడ ‘ఒక రోగం, ఒక లోపం’ సూత్రం సరిగ్గానే పనిచేసింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు వారిలో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒట్టి అన్నంతో ఇవి పోవు. పప్పు, ఆకుకూర, పాలు, గుడ్డు, పండు కూడా కంచంలోకి రావాలి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన 17 సూత్రాలు చెప్పేదీ ఇదే. రోజంతటి శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదంటాయవి. కండలు పెంచుకోవడానికి మాంసకృత్తుల పొడులు వాడవద్దని కూడా ఆ సూత్రాలు హెచ్చరిస్తాయి. 1960లలో పేద పిల్లల పేరుతో సాగిన మాంసకృత్తుల ప్రచారం, ఇప్పుడు కడుపు నిండిన కుర్రాళ్ల కోసం రంగుల డబ్బాల్లో తిరిగి వచ్చిందనిపించడం లేదూ?

ఇక మీ వంతు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల మధ్యాహ్న భోజనంలో ఒక్కొక్కరికి 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఉండాలి. 450 కిలోకేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నియమం. పైన ఇచ్చిన విలువలతో లెక్క కట్టండి. తర్వాత పప్పు తీసేసి మళ్లీ కట్టండి. నూనె తీసేసి ఇంకోసారి కట్టండి. ఆ పైన మీ ఊరి బడిలో నిజంగా వడ్డిస్తున్నదెంతో అడిగి తెలుసుకుని నాలుగోసారి కట్టండి. తార్నాక శాస్త్రజ్ఞులూ ఇలాంటి లెక్కలతోనే మొదలుపెట్టారు.