మానవోల్క: నామరూపవిచారము

క్రీ. శ. 1939వ సంవత్సరము అక్టోబరు మాసాంకముతో న్యూయార్కు నగరమున ‘మార్వెల్ కామిక్స్’ అను చిత్రకథాపుస్తకముయొక్క ప్రథమసంచిక వెలువడెను. కామిక్కులని వ్యవహరింపఁబడు నిట్టి పుస్తకములలోఁ గథ బొమ్మలవెంట నడచును. పాత్రల మాటలు వారి నోటికడ గీచిన బుడగలలో వ్రాయఁబడును. ఆ సంచికలోని యొక కథానాయకుఁడు దేహమెల్ల మంటలైనవాఁడు; తరువాతి కథలలో నాకసమున నెగురనేర్చినవాఁడు. అతనికిఁ గల్పనాకర్త యిడిన పేరు ‘హ్యూమన్ టార్చి’. టార్చి యనఁగా దివిటీ. ఈ పేరును ‘మానవోల్క’ యని తెలిఁగించుట తగును. ఏలయన సంస్కృతమున నుల్కాశబ్దము చేతఁబట్టు కొఱవికిని, నింగినుండి రాలు తేజస్సునకును గూడ వర్తించును. ఈ నాయకుఁ డా రెండును నైనవాఁడు.

ఈ సమాసమునకు విగ్రహము మూఁడువిధములఁ జెప్పవచ్చును. మానవుని దేహమే యింధనముగాఁ గల యుల్క యనుట యొకటి. మానవునియొక్క యుల్క యని షష్ఠీతత్పురుషముగాఁ జెప్పుట రెండవది. మానవుఁడును నైన యుల్క యని కర్మధారయముగాఁ జెప్పుట మూఁడవది. మొదటి యర్థమున మనుష్యుఁడు వంటచెఱకు. రెండవ యర్థమున నగ్ని యొకరి సొత్తు. మూఁడవ యర్థముననే యగ్నియు మానవత్వమును నొక్క యధికరణమున నిలుచును. ఈ నాయకుని చరిత్రము మొదటి రెండు విగ్రహములనుండి మూఁడవదానిని సాధించుటకై జరిగిన ప్రయత్నమని నిరూపింపవచ్చును.

మొదటి యర్థము మిక్కిలి పురాతనము, మిక్కిలి క్రూరము. క్రీ. శ. 64వ సంవత్సరమున రోమునగరము దగ్ధమైన పిమ్మట నీరో చక్రవర్తి క్రైస్తవులపై నేరము మోపి, కొందఱిని రాత్రి వెలుఁగునకై కాల్పించెనని చరిత్రకారుఁడగు టాసిటస్ తన ‘ఆనల్స్’ గ్రంథము పదునైదవ భాగమునఁ దెలిపినాఁడు. అమెరికా వార్తాపత్రికలలోను బట్టలకు నిప్పంటి పరుగెత్తిన యభాగ్యులను ‘హ్యూమన్ టార్చి’ యని వ్రాయు వాడుక 1939కిఁ బూర్వమే కలదు. కావునఁ గల్పనాకర్త క్రొత్తపేరు పుట్టింపలేదు. జాలిని భయమును గొల్పు పాతపేరును గొని దాని యర్థమును మార్చెను.

ఆ కర్త కార్ల్ బర్గోస్ (1916–1984). న్యూయార్కులో యూదు కుటుంబమునఁ బుట్టిన యీ చిత్రకారునికి నాఁటికి వయస్సు ఇరువదిమూఁడేండ్లు. ప్రకాశకులకుఁ జిత్రకథలను సిద్ధముచేసి యిచ్చు ‘ఫన్నీస్ ఇన్‌కార్పొరేటెడ్’ అను సంస్థకై యతఁడు పనిచేయుచుండెను. ఆ కథలను గొని ముద్రించినవాఁడు మార్టిన్ గుడ్‌మన్. ప్రథమసంచిక ముఖచిత్రమును శాస్త్రకల్పనాపత్రికల బొమ్మలకుఁ బేరొందిన ఫ్రాంక్ ఆర్. పాల్ వ్రాసెను. ఆ యేఁటి ఏప్రిల్ 30వ తేదినే న్యూయార్కున ప్రపంచప్రదర్శనము ప్రారంభమైనది. అందు వెస్టింగ్‌హౌస్ సంస్థవారు నడచి, మాటలాడి, పొగత్రాగు ‘ఎలెక్ట్రో’ యను లోహపుమనుష్యునిఁ జూపిరి. మేరీ షెల్లీ 1818లోఁ బ్రకటించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ కథయు, కారెల్ చాపెక్ 1920లో ‘రోబో’ శబ్దమును బ్రసిద్ధికిఁ దెచ్చిన నాటకమును దత్పూర్వమే లోకమునఁ బ్రచారమునందినవి. మానవుఁడు మానవునిఁ జేయఁగలఁడా, చేసినచో నట్టివాఁ డెవరి సొత్తు అను ప్రశ్న యట్లు నాఁటి గాలిలోనే కలదు.

బర్గోస్ కథ యిది. ఫినియాస్ హార్టన్ అను నాచార్యుఁడు కృత్రిమమానవు నొకనిని నిర్మించెను. అట్టివానికి ఆంగ్లమున ‘ఆండ్రాయిడ్’ అని పేరు. ఇది గ్రీకుపదజన్యము, అందలి పూర్వభాగము సంస్కృత నృశబ్దమునకు జ్ఞాతియైన పురుషవాచకము, ఉత్తరభాగము రూపవాచకము. అనఁగా నరరూపము. ఈ నరరూపమున నొక దోషము కలదు: గాలి సోఁకినతోడనే మండును. గాజుపేటికయం దుంచి పత్రికలవారికిఁ జూపఁగా వారు వెఱచి, దీనిని నాశము చేయవలెనని వ్రాసిరి. హార్టన్ దానిని కాంక్రీటునఁ బూడ్చెను. అది యెట్లో వెలువడి, తనకుఁ దెలియకయే యూరిలో నిప్పు పుట్టించెను. తరువాత సార్డో యను దుర్జనుఁడు దానిని వశపఱచుకొని తన దోపిడికి వాడుకొనఁజూచెను. కడపట నది తన మంటను దానే యదుపులోఁ బెట్టుకొనెను. అప్పుడు నిర్మాత హార్టన్ మరల వచ్చి ధనార్జనకు దారి చూపఁగా, ఇఁక నెవ్వరును దన్ను స్వార్థమునకు వాడుకొనరాదని చెప్పి యది వెడలిపోయెను.

వ్యాకరణదృష్టిచేఁ జూచిన నీ కథయంతయు నొక్క విగ్రహవివాదము. హార్టనును సార్డోయు షష్ఠీతత్పురుషమును గోరిరి. నరరూపము కర్మధారయమును నిలిపెను. ఒకఁడు సజ్జనుఁడు, ఒకఁడు దుర్జనుఁడు అను భేద మిచ్చటఁ బనికిరాలేదు. ఇరువురును నదే విభక్తిని వాడిరి. అగ్ని స్వాధీనమైన తరువాతనే స్వాతంత్ర్యము వచ్చుటయు గమనింపఁదగినది. పిమ్మట నీ నాయకుఁడు జిమ్ హామండ్ అను మనుష్యనామముతో న్యూయార్కు పోలీసుదళమునఁ జేరెను. 1940లో టోరో యను బాలుఁ డతనికి సహాయుఁడుగా వచ్చెను.

ఇఁక శాస్త్రవిషయము. గాలి సోఁకినంత మండు పదార్థము కేవల కల్పనము కాదు. 1669లో జర్మనీదేశమున హాంబుర్గు నగరమున హెన్నిగ్ బ్రాండ్ మూత్రమునుండి వెలికిఁదీసిన తెల్లభాస్వరము కొంచెపు వెచ్చదనమునకే గాలిలో నంటుకొనును. అందుచే దానిని నీటిలో దాఁచుదురు. మంటకు గాలి యేల కావలెనో పండ్రెండు దశాబ్దములపాటు యూరపు పండితులు వివాదపడిరి. మండు వస్తువునుండి ‘ఫ్లోజిస్టన్’ అను ద్రవ్యము వెడలిపోవునని యొక సిద్ధాంతము ప్రబలియుండెను. 1774లో ప్రీస్ట్‌లీ యొక క్రొత్తవాయువును వేఱుచేయఁగా, లవోయిసియే తూనికలచే దానిని విచారించి, దహనమునఁ బోవునది యేదియు లేదనియు, ఆమ్లజని వచ్చి చేరుననియు స్థాపించెను. ఆ ఆమ్లజనియే బర్గోస్ కథకు మూలము. గాజుపేటిక మూసిన మంట యాఱుటయు, తెఱచిన రగులుటయు బాలురుకూడ దీపముపై బోరగిలఁబెట్టిన గ్లాసుతోఁ బరీక్షింపఁగల సత్యము.

కాని మంటకు గాలియొక్కటి చాలదు. ఇంధనమును వేఁడిమియుఁ గావలెను. ఈ లెక్క కథకు ప్రతికూలము. మనుష్యదేహపు పైవైశాల్యము సుమారు 1.8 చదరపు మీటర్లు. దాని పైభాగము 730 డిగ్రీల సెంటిగ్రేడున నెఱ్ఱగా వెలుఁగునేని, 1879లో స్టెఫాన్ కనుఁగొన్న వికిరణసూత్రము ననుసరించి సుమారు 100 కిలోవాట్ల శక్తి వెలువడును. విశ్రాంతినున్న మనుష్యుఁడు వెలువరించునది 100 వాట్లు మాత్రమే. ఇది దానికి వేయిరెట్లు. ఆ శక్తి క్రొవ్వువలన రావలెనన్నచో గంటకు సుమారు 10 కిలోల క్రొవ్వు వ్యయమగును. సామాన్యదేహమునందలి క్రొవ్వెల్ల నొకటి రెండు గంటలలోఁ దీఱిపోవును. ఎగురుటయు నిట్లే. 1783లో ఫ్రాన్సున మోంగోల్ఫియే సోదరులు వేఁడిగాలితో గుమ్మటమును లేపిరి గాని, 70 కిలోల మనుష్యుఁ డట్లు తేలుటకు నింత వేఁడిగాలియైనను 80 ఘనమీటర్లకుఁ దక్కువ పనికిరాదు. కావున శాస్త్రము నాయకుని మంట యంటుకొనుటను సమర్థించును, మండుచుండుటను సమర్థింపదు. ఆరంభము సిద్ధము, నిర్వాహము కవిసమయము.

ఇచ్చట నొక పూర్వపక్షము కలదు. ఈ నాయకుఁడు స్వతంత్రుఁడైన మానవుఁడను మాట 1939కిఁ జెల్లునేమో గాని, యుద్ధవత్సరములకుఁ జెల్లదనవచ్చును. ఆ యేండ్లలో నతఁడు కథలయందు శత్రుసైన్యములఁ గాల్చెను. 1953లోఁ గథ పునరుద్ధరింపఁబడినప్పుడు హిట్లరు నతఁడే దహించెనని వ్రాసిరి. ఆ కాలముననే నిజమైన నిప్పు నిజమైన మనుష్యులపైఁ గురిసెను. 1942లో హార్వర్డు విశ్వవిద్యాలయమున లూయీ ఫీజర్ నాపాం అను జిగురుమంటను సిద్ధముచేసెను. 1945 మార్చి 9, 10 తేదులలోఁ టోకియోపైఁ బడిన యగ్నిబాంబులచే నొక్క రాత్రిలో సుమారు లక్షమంది మరణించిరి. మానవుఁడే యింధనమను మొదటి విగ్రహము మరల వచ్చెను. ఈ పూర్వపక్షము బలముగలదే, దానిని ద్రోయరాదు. దివిటీ యీసారి హార్టనుది కాదు, దేశముది. విభక్తి మాత్రము షష్ఠియే. 1949లోఁ గథ యాగెను. 1953లో లేచి 1954లో మరల నాఱెను. యుద్ధమున కుపయోగించిన దివిటీ, యుద్ధము ముగిసిన పిదపఁ జదువరుల యాదరమును నిలుపుకొనలేకపోయెను.

1961 నవంబరు మాసాంకముతో స్టాన్ లీ, జాక్ కర్బీ యనువారు ‘ఫెంటాస్టిక్ ఫోర్’ ప్రథమసంచికలో రెండవ మానవోల్కను సృజించిరి. ఇతఁడు జానీ స్టార్మ్. నిర్మితుఁడు కాఁడు, తల్లి కన్నబిడ్డ, యింకను కౌమారము దాఁటనివాఁడు. నలువురు వ్యోమనౌకలోఁ బోవఁగా విశ్వకిరణములు సోఁకి యతనికి నగ్నిశక్తి కలిగెనని కథ. ఆ యేఁడు ఏప్రిల్ 12వ తేదిని గగారిన్ భూమిని జుట్టివచ్చియుండెను. విశ్వకిరణములను 1912లో గుమ్మటమెక్కి కనుఁగొన్న విక్టర్ హెస్సునకు 1936లో నోబెల్ బహుమానము లభించియుండెను. అయినను నా కిరణములు కణములకుఁ జెఱుపు చేయునే గాని యెవ్వనిని దివిటీ చేయవు. సూత్రములకు లొంగని రూపమును వైయాకరణులు నిపాతనముచే సాధించినట్లు, ఇచ్చటఁ గారణమడుగక శక్తిని నిపాతించిరి. మొదటివానియం దుల్కాత్వము సిద్ధము, మానవత్వము సాధ్యము. రెండవవానియందు మానవత్వము సిద్ధము, ఉల్కాత్వము నిపాతము. సమాసమొక్కటియే, భారము పడిన పదము మాఱినది.

మంటకు విరోధిగా నీ కథలలోఁ దఱచు రాతినార కనఁబడును. 1947లో ‘ఆస్బెస్టాస్ లేడీ’ యను దుష్టపాత్రయు, 1963లో ‘ఆస్బెస్టాస్ మేన్’ అను పాత్రయు రాతినారకవచముతో వచ్చినవి. గ్రీకున నా పదమునకు ‘ఆఱనిది’ యని యర్థము; కాలనిదానికి నాఱనిదని పేరగుట విపరీతలక్షణ. రాతినార వింత మనకుఁ గ్రొత్తది కాదు: దేవీమాహాత్మ్యమున శుంభుని సంపదలను జెప్పుచోట నగ్ని యొసఁగిన యగ్నిశౌచవస్త్రముల ప్రసక్తి కలదు, వానిని రాతినారబట్టలని యూహింపవచ్చును. కడపమండలమునఁ బులివెందుల ప్రాంతమున నీ నారను గనులనుండి తీసిరి. 1964లో అమెరికా వైద్యుఁడు సెలికాఫ్ ఆ పరిశ్రమలోని పనివారికిఁ గలుగు శ్వాసకోశరోగములను, పుట్టకుఱుపును వెల్లడించెను. తరువాతి కథలలో ఆస్బెస్టాస్ లేడీ యా వ్యాధిచేతనే మరణించెనని వ్రాసిరి. నిప్పునుండి కాచునని నమ్మినదియే నిప్పుకంటె నెమ్మదిగాఁ జంపినది.

1978లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’ కథను బొమ్మలచిత్రముగా టెలివిజనునఁ జూపినప్పుడు మానవోల్క యందు లేకపోయెను. అతని స్థానమున నొక యంత్రమును నిలిపిరి. పిల్లలు చూచి తమకుఁ దామే నిప్పంటించుకొందురను భయమే కారణమని వదంతి పుట్టెను. నిజమునకు నా పాత్ర హక్కులు వేఱొక నిర్మాణమునకై యొప్పగింపఁబడియుండుటయే హేతువు. వదంతి యసత్యమైనను నిరర్థకము కాదు: మానవోల్క యనఁగానే కాలిపోవు బిడ్డ స్ఫురించెను గదా. సత్యకారణమును మరల షష్ఠీవిభక్తికే చేరును: పాత్ర యెవరిది?

ఆ ప్రశ్న బర్గోసునకుఁ గూడఁ దగులును. అతని కల్పన ప్రకాశకసంస్థ సొత్తైనది. ప్రథమమానవోల్క 1966 వార్షికసంచికలో మరల మేల్కొల్పఁబడెను. మేల్కొల్పినవాఁడు రెండవ యుల్కను జంపుమనఁగా నతఁడు చంపననెను, అందువలనఁ గూలఁద్రోయఁబడెను. 1939లో హార్టనునకుఁ జెప్పిన మాటయే యది, ఈసారి ప్రాణముపెట్టి చెప్పినది.

యాస్కుఁడు నిరుక్తమున నగ్నిశబ్దమునకు ముందు నడచునది యను వ్యుత్పత్తిని మొదటఁ జెప్పెను. కాల్చుట యను ధాత్వర్థము శాకపూణి మతమున వచ్చును. మానవోల్కాచరిత్రమున నిర్ణయ మీ రెంటి నడుమ నున్నది. కాల్చుట నిప్పుయొక్క స్వభావము. దానిని ముందు నడపు వెలుఁగుగాఁ జేయుట మనుష్యుని పని. కర్మధారయము వ్యాకరణముచే సిద్ధింపవచ్చును గాని, మానవోల్కయందు నది నిగ్రహముచేతనే సిద్ధించినది.