సైక్లోస్టైలు ప్రతులందలి రిక్తపుటలు

తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితులకు గ్రంథపాతము, లేఖక ప్రమాదము అను మాటలు సుపరిచితములు. ఇరువదవ శతాబ్దమున సభల నివేదికలు, పాఠశాలల ప్రశ్నపత్రములు, కరపత్రములు పెక్కులు సైక్లోస్టైలు యంత్రముపై వెలువడినవి. ఇట్టి ప్రతులలో నడుమ నొక పుట తెల్లగా నుండుటయు, పంక్తులు వాలియుండుటయు కానవచ్చును. వీని నన్నిటిని లేఖకునిపై మోపుట యుక్తము కాదు. పెక్కింటికి మూలము యంత్రములోనికి కాగితము ప్రవేశించు తీరునందే కలదు.

1876లో ఎడిసన్, విద్యుత్తుచే నడచు కలముతో కాగితమునకు సూక్ష్మరంధ్రములు పొడిచి, వాని గుండ సిరా దింపి ప్రతులు తీయు విధానమునకు అమెరికాలో పేటెంటు పొందెను. 1881లో లండనునందు డేవిడ్ గెస్టెట్నర్, మొనయందు చిన్న చక్రము గల కలముతో మైనపు కాగితముపై వ్రాయు పద్ధతిని వెలువరించెను. సైక్లోస్టైలు అనగా చక్రలేఖిని. 1887లో షికాగో వర్తకుడు ఆల్బర్టు బ్లేక్ డిక్, ఎడిసన్ పేరితో మిమియోగ్రాఫును విక్రయింప నారంభించెను. తెలుగు టైపు యంత్రము లేనిచోట లేఖకుడు ఉక్కు మొన గల కలముతో మైనపు కాగితముపై చేతితోనే వ్రాసెడివాడు. తాటాకుపై గంటము నడపుటకు ఇది దూరపు చుట్టము.

తొలి యంత్రములు చదునైన చట్రములు. ఒక్కొక్క కాగితమును చేతితో నుంచి, పైన సిరా రోలరు నడుపవలసి యుండెను. అందు కాగితములు రెండు కలిసిపోవుట యరుదు. ఆ శతాబ్ది చివర తిరుగుడు యంత్రములు వచ్చినవి. మాతృకయైన స్టెన్సిలు పీపాకు చుట్టబడినది. కాగితముల దొంతరనుండి రబ్బరు చక్రములు పై కాగితమును లోనికి నెట్టసాగినవి. వేగము హెచ్చెను, దోషములును వెంట వచ్చినవి.

దీనికి కారణము కాగితపు స్వభావమే. స్టెన్సిలు సిరా జిడ్డుగలది, త్వరగా ఆరదు. దానిని పీల్చుకొనుటకు మెత్తని, గరుకైన కాగితము వలయును. సిరాను పీల్చు ఆ గుణమే గాలిలోని తేమనును పీల్చును. వానకాలమున కాగితములు ఒండొంటి నంటుకొనును. మిక్కిలి పొడిగానున్నను ఘర్షణవిద్యుత్తుచే అంటుకొనును. కొత్తగా కోసిన యంచులును పెనవేసికొనును. ముద్రణకు మేలు చేయు గుణమే ప్రవేశమునకు కీడు చేయుచున్నది.

అందుచే యంత్రము నడపువారు దొంతరను విసనకర్రవలె విప్పి గాలి యాడించి, అంచులు సరిచేసి బల్లపై నుంచెడివారు. ముడుచుకొన్న కాగితమును తిరుగవేసెడివారు. కాగితపు ధూళిచే నునుపెక్కిన రబ్బరు చక్రములను తుడిచెడివారు. ప్రక్క పట్టీలు బిగిసిన కాగితము నిలిచిపోవును. వదులైన ఏటవాలుగా పోవును. కనుక నవి కాగితమును తాకియు తాకనట్లుండవలెను.

ఇపుడు పుటల పరీక్షకు వత్తము. రెండు కాగితములు కలిసి పోయినచో పైదానిపై మాత్రమే యచ్చు పడును. క్రిందిది తెల్లగా వెలువడును. పుటలు కూర్చువాడు గమనింపనిచో నదియే యొకానొక ప్రతిలో చేరును. కాగితము పోక యంత్రము తిరిగినచో అచ్చు క్రింది రోలరుపై పడి, తరువాతి కాగితపు వెనుక అద్దములోని బింబమువలె తారుమారుగా దిగును.

ఒకే మాతృకనుండి పుట్టిన ప్రతులన్నిటి పాఠము నొకటియే కావలెను. కావున వాక్యము గాని పంక్తి గాని అన్ని ప్రతులలో లోపించిన లేఖక దోషము. ఒక్క ప్రతిలో పుట తెల్లనైన యంత్రదోషము. పంక్తులు అన్నిట వాలిన స్టెన్సిలు వంకరగా నమర్చబడినది. ఒక్కదానిలో వాలిన కాగితము వంకరగా పోయినది. పాఠమే మారినచో, మాతృక నడుమ దిద్దబడినదో, అరిగినందున మరియొకటి వ్రాయబడినదో విచారింపవలెను.

1959లో జిరాక్సు యంత్రము వచ్చిన పిమ్మట సైక్లోస్టైలు క్రమముగా మూలబడెను. అది విడిచిన ప్రతులు మాత్రము గ్రంథాలయములందు మిగిలియున్నవి. అట్టి దానిలో తెల్లని పుట గానవచ్చినపుడు, రచయిత విడిచెనని వ్రాయుటకు ముందు రెండవ ప్రతిని వెదకుట పరిష్కర్తకు విధి.