దేశము లేనివాని పత్రము



నేను బడిలో పనిచేయుచుండిన దినములలో, ఒక వానకాలమున, పొరుగుజిల్లానుండి యొక బాలుడు తండ్రితో గూడ వచ్చి మా గుమ్మమున నిలిచెను. వెనుకటి బడివారిచ్చు పత్రము వానియొద్ద లేదు. వరదలో నిల్లు పోయినప్పుడు అదియు పోయినదట. పత్రము లేనిదే చేర్చుకొనుటకు వీలులేదని నేనే చెప్పి పంపివేసితిని. పదిదినములకు మనసు మారి కబురంపగా వారా యూర లేరు. నేడు చెప్పబోవు చరిత్రయు ఒక పత్రమునకు సంబంధించినదే కావున ఈ మాట ముందుగా చెప్పుకొంటిని.

1917వ సంవత్సరమున రష్యాలో విప్లవము పుట్టి, దాని వెంటనే అంతర్యుద్ధము వచ్చెను. ఓడిన సైన్యములవారును, వారితో గూడ రైతులు, ఉపాధ్యాయులు, వర్తకులు, ఆడవారు, బిడ్డలును లక్షలసంఖ్యలో ఎల్లలు దాటి, కాన్‌స్టాంటినోపులు మొదలు చైనాలోని హార్బిను వరకు చెదరిపోయిరి. 1921 డిసెంబరులో సోవియటు ప్రభుత్వము, అనుమతి లేక దేశము విడిచినవారు తమ పౌరులు కారని శాసించెను. దానితో వారు ఏ దేశమునకును చెందనివారైరి.

దీని భావము మనకు సులభముగా తోచదు. 1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశింపగా, రంగూనురేవులో కూలిచేసి బ్రతుకుచుండిన మన కోస్తాజిల్లాలవారు, ఇతర భారతీయులతో గూడ, అడవులును కొండలును కాలినడకను దాటి వచ్చిరి. త్రోవలో ఆకలిచేతను, కలరా, మలేరియాలచేతను వేలకొలది రాలిపోయిరి. ఆ దుఃఖమునకు మితి లేదు. అయినను బ్రతికి వచ్చినవానితో, ఇది నీ దేశము కాదని చెప్పువాడు లేకుండెను. ఆ రష్యనుకు ముందు త్రోవయు లేదు, వెనుక త్రోవయు లేదు.

అప్పుడు నానాజాతిసమితి నార్వేదేశీయుడగు ఫ్రిట్యోఫ్ నాన్సెనును పిలిచెను. ఆయన 1888లో గ్రీన్‌లాండు మంచుబయలును అడ్డముగా దాటినవాడు. ఉత్తరసముద్రమున తన ఓడను కావలయుననియే మంచులో చిక్కించి, దానితో కొట్టుకొనిపోయినవాడు. అట్టివానికి గుమాస్తాపని యేల యని తోచవచ్చును. కాని ఆయన అప్పటికే యుద్ధఖైదీలను లక్షలకొలదిగా ఇండ్లకు చేర్చు పనిలో నుండెను. 1922 జూలైలో జెనీవాలో ప్రభుత్వముల ప్రతినిధులను కూర్చి, పౌరసత్వము లేనివానికి పేరు, వయస్సు, ఆనవాళ్లు వ్రాసియిచ్చు పత్రమొకదానికి వారిని ఒప్పించెను. జనులు దానిని నాన్సెను పాసుపోర్టనిరి. క్రమముగా ఏబదికి పైగా ప్రభుత్వములు దానిని గుర్తించినవి. 1924లో ఆర్మీనియనులకును వర్తింపజేసిరి. పిమ్మట, శక్తిగలవారు అయిదు బంగారు ఫ్రాంకుల బిళ్ల కొని దానికంటింపవలెననియు, ఆ సొమ్ము శరణార్థుల సహాయమునకు పోవలెననియు నియమించిరి. ఈ యేర్పాటు నాకు మిక్కిలి నచ్చినది.

లోపమును చెప్పకున్న చరిత్ర కాదు. 1922నాటి నియమము ప్రకారము, పత్రము పట్టుకొని బయటికి పోయినవానిని, దానిని ఇచ్చిన దేశమే మరల రానీయవలెనని లేదు. మనిషి యున్నాడని ఒప్పుకొనిరి గాని, వానికి చోటియ్యవలెనని ఒప్పుకొనలేదు.

విభీషణుడు శరణు వేడినప్పుడు సుగ్రీవుడు పడిన శంక మీకు తెలిసినదే: వీడు శత్రువు తమ్ముడు, వేగులవాడేమో! ప్రభుత్వములు నేటికిని చెప్పు మాట యదియే. రాముడు అభయమిచ్చెను. అచ్చట నిచ్చువాని ధర్మము చెప్పబడినది; వేడువాని హక్కు చెప్పబడలేదు. రాముడు కానివాని వాకిట నిలిచినవాని గతి యేమి?

దానిని 1938 జూలైలో లోకము చూచినది. హిట్లరు పాలననుండి పారిపోవు యూదులకై ఫ్రాన్సులోని ఎవియాను పట్టణమున 32 దేశములవారు సభచేసిరి. ఒకరి వెనుక నొకరు జాలిపడి, తమ యిబ్బందులు చెప్పుకొని కూర్చుండిరి. చిన్నదగు డొమినికను రిపబ్లికు మాత్రము లక్షమంది వరకు చేర్చుకొందుననెను. అచ్చటికి చేరినవారు కొన్ని వందలే.

1948 డిసెంబరు 10వ తేదీన ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన గావించెను. అందలి 14వ అధికరణమును వైయాకరణుడు శ్రద్ధతో చదువవలెను. చిత్తుప్రతిలో, హింసింపబడువానికి శరణు కోరుటకును, అది ఇయ్యబడుటకును హక్కు కలదని యుండెను. బ్రిటిషువారి సవరణచేత "ఇయ్యబడుట" తీసి "అనుభవించుట" యని పెట్టిరి. క్రియ మారగానే కర్త తప్పించుకొనెను. ఇచ్చువాడెవ్వడో చెప్పకుండ అనుభవించుట యెట్లు?

1951నాటి శరణార్థుల ఒడంబడికలో 33వ అధికరణము కొంత మేలుచేసినది: ప్రాణమునకో స్వేచ్ఛకో అపాయమున్న చోటికి శరణార్థిని తిరిగి త్రోయరాదు. మొదట అది 1951 జనవరి 1వ తేదీకి ముందు జరిగిన సంఘటనలచేత శరణార్థులైనవారికే; ఆ హద్దును 1967లో తీసివేసిరి.

మన దేశము ఆ ఒడంబడికలో చేరలేదు. అయినను 1971లో తూర్పు పాకిస్తానునుండి వచ్చిన రమారమి కోటిమందికి చోటిచ్చి అన్నము పెట్టినది. కావున పత్రముతో పనియేమని నా మిత్రులు కొందరడుగుదురు. 1971 గొప్పదే. కాని ఆ కోటిమందిలో ఏ యొక్కరును దానిని హక్కుగా అడుగుటకు వీలులేకుండెను. మనము ఇచ్చితిమి కనుక వారు పొందిరి. 14వ అధికరణమున ఆ తీసివేసిన మాటను నేటివరకును మరల చేర్చలేదు.