ట్రిగ్గర్ కథలో వెయ్యి గ్రాములు

పిస్టల్ ట్రిగ్గర్ చరిత్ర చెప్పేవాళ్లంతా దాదాపు ఒకే దారిలో నడుస్తారు. మొదట్లో ట్రిగ్గర్ మొండిగా, బరువుగా ఉండేదట. పనివాళ్లు దాన్ని తేలిక చేశారట, తరవాతివాళ్లు ఇంకా తేలిక చేశారట. చివరికి ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ వచ్చి, వేలు ఆనితే చాలు పేలేదాకా తెచ్చిందట. గురి కూడా ఆ మెట్లే ఎక్కుతూ వచ్చిందట. వినడానికి బాగానే ఉంది కానీ, స్కోర్లు ముందేసుకుని కూర్చుంటే ఈ కథ నిలవదు. .22 రిమ్‌ఫైర్ పిస్టల్ విషయంలో అసలే నిలవదు. ఆ ట్రిగ్గర్‌ను బాగుచేసింది తేలికదనం కాదనీ, ఇంతకంటే తేలిక చెయ్యొద్దని గీసిన గీతేననీ నాకు చాలాకాలంగా అనిపిస్తోంది.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1845 ప్రాంతంలో పారిస్‌లో ఫ్లోబేర్ అనే తుపాకుల పనివాడు ఒక బుల్లి తూటా చేశాడు. దాని అడుగు అంచు మీద దెబ్బ పడితే చాలు, పేలుతుంది; రిమ్‌ఫైర్ అనేది అందుకే. 1857లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ .22 షార్ట్ తెచ్చింది, 1887లో .22 లాంగ్ రైఫిల్ వచ్చింది. చవక, పెద్దగా మోత లేదు, చేతిని ఎగరేయదు. గురి నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? ఇక సెట్ ట్రిగ్గర్ అంటారా, అది ఈ తూటా పుట్టక ముందు నుంచీ జర్మన్ రైఫిళ్లలో ఉన్నదే. ముందు ఒక మీటతో స్ప్రింగును బిగించి ఉంచుతారు, తరవాత రెండో దాన్ని ముట్టుకుంటే చాలు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నాటికి ఫ్రీ పిస్టల్ అనే 50 మీటర్ల పోటీలో ఈ ఏర్పాటు మామూలైపోయింది. ఆ ఏడు స్వీడన్‌కు చెందిన టోర్‌స్టెన్ ఉల్‌మాన్ 600కి 559 కొట్టి గెలిచాడు.

అసలు లోపల జరిగేది ఇదీ. తూటా అంచు మీద దెబ్బ వేయించే హ్యామర్‌కు ఒక గాడి ఉంటుంది. అందులో సియర్ అనే ఉక్కు ముక్క అంచు ఆనుకుని ఉంటుంది. ఆ రెండూ కలిసే చోటు లోతు మిల్లీమీటరు కూడా ఉండదు. ట్రిగ్గర్ వెనక్కి వస్తుంటే సియర్ ఆ గాడిలో పాకుతుంది, అంచు దాటగానే హ్యామర్ పడుతుంది. గాడి గరుకుగా ఉంటే ఆ పాకుడు వేలికి ఇసుక తగిలినట్టు తెలుస్తుంది. హ్యామర్ పడ్డాక కూడా ట్రిగ్గర్ ఇంకాస్త వెనక్కి పోతే, ఆ మిగులు కదలికకే గొట్టం మూతి పక్కకు జరుగుతుంది. ఈ పాకుడు గానీ, ఈ మిగులు కదలిక గానీ గ్రాముల్లో కనబడేవి కావు. మన పేపర్లు ‘ట్రిగ్గర్ నొక్కాడు’ అని రాస్తాయి, ఇంగ్లిష్ వాళ్లు లాగాడంటారు. ఈ ఒక్క విషయంలో మన క్రియాపదమే సరైనది. ట్రిగ్గర్‌ను లాగొద్దని, మెల్లగా నొక్కమని కోచ్‌లు రోజూ మొత్తుకునేది కూడా అందుకే.

ఇప్పుడు అసలు తగవులోకి వద్దాం. ఫ్రీ పిస్టల్‌లో ట్రిగ్గర్ బరువుకు హద్దు లేదు, పదుల గ్రాములకు దించుకున్నా అడిగేవాడు లేడు. తేలికదనమే గురికి మూలమైతే రికార్డులు ఎగబాకాల్సింది ఇక్కడే. 1980లో మాస్కోలో సోవియట్ షూటర్ అలెగ్జాండర్ మెలెంత్యెవ్ 581 కొట్టాడు. అప్పటి సోవియట్ షూటర్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేది తూలా ఫ్యాక్టరీ చేసిన తోజ్-35. అందులో బ్యాటరీ లేదు, సర్క్యూట్ లేదు, ఉన్నవన్నీ మీటలూ స్ప్రింగులే. ఆ తరవాతి ఏళ్లలో ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్లు రాజ్యమేలాయి. స్విట్జర్లాండ్ మొరీని పిస్టల్ అంటే షూటర్లకు కళ్లకద్దుకునేంత గౌరవం. మరి ఆ 581ని దాటింది ఎప్పుడు? 2014లో. దక్షిణ కొరియా షూటర్ జిన్ జోంగ్-ఓ స్పెయిన్‌లోని గ్రనాడాలో 583 కొట్టాడు. ముప్ఫై నాలుగేళ్లకు పెరిగింది రెండు పాయింట్లు! ఉల్‌మాన్ నుంచి మెలెంత్యెవ్ దాకా నలభై నాలుగేళ్లలో పెరిగినవి ఇరవై రెండు.

దీనికి జవాబు లేకపోలేదు. రికార్డంటే ఒక్క మనిషి ఒక్క రోజు చేసిన పని; మెలెంత్యెవ్ లాంటివాడు తరానికొకడు పుడతాడు. పైగా 600 అనే పైకప్పు దగ్గరయ్యేకొద్దీ ఒక్కో పాయింటూ కిందటిదానికన్నా ఖరీదవుతుంది. ఒప్పుకుంటాను. అందుకే రెండో సాక్ష్యం చూపించాలి.

25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లో అయిదు లక్ష్యాల మీద అయిదు షాట్లు వెయ్యాలి. ఒకసారి ఎనిమిది సెకన్లలో, ఒకసారి ఆరులో, ఒకసారి నాలుగులో. 2004 దాకా ఇందులో .22 షార్ట్ తూటా వాడేవాళ్లు, ట్రిగ్గర్ ఎవరిష్టం వాళ్లది, చేతిని చుట్టేసే పిడి కూడా ఉండేది. 2005 నుంచి అవన్నీ పోయి .22 లాంగ్ రైఫిల్ తూటా, కనీసం 1000 గ్రాముల ట్రిగ్గర్ వచ్చాయి. ఆట చచ్చిందన్నారు చాలామంది. 1996 అట్లాంటాలో పాత పద్ధతిలో జర్మన్ షూటర్ రాల్ఫ్ షూమన్ క్వాలిఫయింగ్‌లో కొట్టింది 596. 2012 లండన్‌లో కొత్త పద్ధతిలో రష్యన్ అలెక్సీ క్లిమోవ్ కొట్టింది 592. తూటా మారి, పిడి మారి, ట్రిగ్గర్ బరువెక్కినా తేడా నాలుగే పాయింట్లు. ఇద్దరు వేరువేరు మనుషులు కదా అంటారా? సరే, షూమన్‌నే చూడండి. 2004 ఏథెన్స్‌లో పాత పిస్టల్‌తో స్వర్ణం గెలిచాడు, 2008 బీజింగ్‌లో కొత్త నియమాల కింద రజతం. అప్పటికి వయసు 46.

ఇంత తక్కువ నష్టంతో ఎలా బయటపడ్డారు? వెయ్యి గ్రాములు తగ్గించే వీలు లేనప్పుడు, ఆ వెయ్యిని ఎలా పంచాలా అని పనివాడు ఆలోచించాడు. రెండు దశల ట్రిగ్గర్‌లో బరువులో పెద్ద వాటా మొదటి దశకే ఇచ్చేస్తారు. వేలు ఆ బరువును ముందే మోసుకుని, రెండో దశ మొదలయ్యే ‘గోడ’ దగ్గర ఆగుతుంది. అక్కడ కావలసిన అదనపు ఒత్తిడి కొద్దిగానే ఉంటుంది. ప్రతిసారీ ఒకే చోట, పుల్ల విరిగినట్టు తెగుతుంది. మిగులు కదలికకు ఒక చిన్న స్క్రూతో అడ్డం వేస్తారు. నియమం కొలిచేది మొత్తాన్ని, వేలు గమనించేది చివరి ముక్కను. దీన్ని మోసమనేవాళ్లూ ఉన్నారు, నాకైతే చేతిపని అనిపిస్తుంది.

ఆ కొలత చూడముచ్చటగా ఉంటుంది. బల్ల మీద వెయ్యి గ్రాముల లోహపు దిమ్మ ఉంటుంది, దానికి పైన కొక్కెం. పిస్టల్ గొట్టాన్ని నిట్టనిలువుగా పైకి పట్టుకుని, కొక్కేన్ని ట్రిగ్గర్ మధ్యకు తగిలించి, దిమ్మను బల్ల మీంచి లేపాలి. హ్యామర్ పడకూడదు. కొక్కెం అంచు కత్తి అంచులా ఉండాలి. అక్కడ తిరిగే చక్రం పెడితే ఒప్పుకోరు, స్ప్రింగు త్రాసూ ఒప్పుకోరు. మూడు ప్రయత్నాలు ఇస్తారు. పొద్దున నుంచీ కబుర్లు చెప్పిన షూటర్ కూడా ఆ దిమ్మ లేచే రెండు సెకన్లూ ఊపిరి బిగబడతాడు. నా లెక్కలో ఈ ఆటలో అతి పెద్ద ఆవిష్కర్త ఆ దిమ్మే.

అమెరికాలో దారి వేరుగా పోయింది. 1949లో రూగర్ కంపెనీ 37 డాలర్ల 50 సెంట్లకు ఒక .22 పిస్టల్ అమ్మింది. అది పోటీల కోసం కాదు, పెరట్లో డబ్బాలు కొట్టుకునేవాడి కోసం. ఆ ధరకు నునుపైన గాడి రాదు. ఆ లోటులోంచే విడి ట్రిగ్గర్లు, హ్యామర్లు, సియర్లు అమ్మే వ్యాపారం పుట్టి పెరిగింది. వాటిలో మంచి పనితనం లేదనను. అక్కడి జాతీయ నియమాల్లోనూ .22కు రెండు పౌండ్ల హద్దు ఉంది. కానీ ఆ కొనుగోలుదార్లలో చాలామంది ఏ కొలత బల్ల ముందూ నిలబడరు. అందుకే అక్కడ ఎంత తగ్గించాం అన్నదే పెద్ద అక్షరాల్లో అచ్చవుతుంది. తగ్గించిన కొద్దీ సియర్ పట్టు పలచనవుతుంది. కింద పడితేనో, వేలు పొరపాటున తగిలితేనో పేలే పిస్టల్‌ను మెరుగైందనడం నాకు రుచించదు.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ మీద నాకు పగేమీ లేదు. పాకుడు లేకుండా తెగడమంటే ఏమిటో ప్రపంచానికి చూపింది అదే. అయితే స్ప్రింగు అలసిపోతే ముందే వేలికి తెలుస్తుంది, సర్క్యూట్ చెప్పాపెట్టకుండా పోతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో భారత షూటర్ మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి. 575తో 12వ స్థానంలో నిలిచి, రెండు పాయింట్ల తేడాతో ఫైనల్‌కు దూరమైంది. అది ఎయిర్ పిస్టలే అనుకోండి, కానీ ఆ దిగులు .22 పట్టుకున్నవాళ్లకూ ఉన్నదే.

నాకు నిజంగా బాధ కలిగించేది వేరొకటి. 2016 రియో తరవాత ఫ్రీ పిస్టల్‌ను ఒలింపిక్స్‌లోంచి తీసేశారు. చివరి స్వర్ణం కూడా జిన్‌దే, వరసగా మూడోది. హద్దు లేని ట్రిగ్గర్ ఏమివ్వగలదో, ఏమివ్వలేదో తేల్చి చూపడానికి మిగిలిన పోటీ అదొక్కటే. ఇక ఒలింపిక్ వేదిక మీద మిగిలిన .22 పిస్టళ్లన్నీ వెయ్యి గ్రాములవే. లండన్‌లో మన షూటర్ విజయ్ కుమార్ రజతం తెచ్చింది ఆ బరువుతోనే. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పోటీలో రజతం, జట్టుతో స్వర్ణం తెచ్చిందీ ఆ బరువుతోనే. ఆ పతకాల గురించి మనవాళ్లు చాలా రాశారు, ట్రిగ్గర్ ప్రస్తావన మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు.