కాళహస్తి నుంచి పానగల్ పార్కు దాకా



కోడంబాక్కం అనగానే మనకు సినిమా స్టూడియోలు గుర్తుకొస్తాయి. దాని పక్కనే, త్యాగరాయనగర్ నడిబొడ్డున పానగల్ పార్కు ఉంది. పెళ్ళిబట్టలకు మద్రాసు వెళ్ళే మన సరిహద్దు జిల్లాల వారికి ఆ పేరు కొత్త కాదు. ఆ పానగల్ రాజా మన కాళహస్తి వారే. అసలు పేరు పానగంటి రామారాయణింగారు. 1866లో జన్మించారు.

ఒక్కసారి ఇంగ్లండు వైపు చూద్దాం. 17వ శతాబ్దంలో జాన్ హాంప్డెన్ అనే భూస్వామి అక్కడ పార్లమెంటు సభ్యుడు. సభ సమ్మతి లేకుండా చార్లెస్ రాజు వేసిన ఓడల పన్ను కట్టనన్నాడు. ఆయన కట్టవలసింది 20 షిల్లింగులే! 12 మంది న్యాయమూర్తుల్లో ఏడుగురు రాజువైపే తీర్పు చెప్పారు. వ్యాజ్యం ఓడినా ప్రశ్న నిలిచింది: ఖజానా తాళం ఎవరి చేతిలో ఉండాలి?

మన రామారాయణింగారు కూడా భూస్వాముల ప్రతినిధిగానే 1912లో కేంద్ర శాసనమండలికి వెళ్ళారు. 1921 జూలై నుంచి 1926 డిసెంబరు దాకా మద్రాసు రాష్ట్రానికి మొదటి మంత్రి. కాని అది ద్వంద్వ పాలన. విద్య, ఆరోగ్యం, స్థానిక పాలన మంత్రులవి. ఆర్థిక శాఖ, పోలీసు గవర్నరు పక్షానివి. ఓటు కూడా ఆస్తిపాస్తులు ఉన్నవారికే.

తాళం చేతిలో లేకపోయినా ఆయన ఊరుకోలేదు. దేవాలయాల ఆస్తులకు, లెక్కలకు పర్యవేక్షణ ఉండాలని 1922లో బిల్లు తెచ్చారు. పెద్ద దుమారం రేగింది. అయినా 1925లో అది చట్టమైంది.

1923 నవంబరులో ఆయన మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం వచ్చింది. తెచ్చినదెవరో కాదు, మన చిత్తూరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. తీర్మానం 44–65 ఓట్లతో వీగిపోయింది. మూడేళ్ళకు, అదే పానగల్ రాజా పదవిలో ఉండగా, ఆంధ్ర విశ్వవిద్యాలయం వెలసింది. దానికి తొలి ఉపాధ్యక్షులు రామలింగారెడ్డిగారే! సభలో ఎదిరించినంత మాత్రాన పగవాడు కాడన్నమాట.

త్యాగరాయనగర్ కూడా ఆయన కాలంలోనే, 1923 తర్వాత, పెద్ద చెరువును పూడ్చి కట్టిన పేట. ఇళ్ళు వచ్చాయి, నీరు పోయింది. ఆ లాభనష్టాలు రెండూ చరిత్రలో భాగమే.

1928 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. జమీ ఆయనను సభ గడప దాకా తీసుకెళ్ళింది. పేరు నిలిపినది మాత్రం సభలో చేసిన పని. ఈసారి ఆ పార్కు పక్కగా వెళ్ళినప్పుడు, శ్రోతలారా, ఆ సంగతి మీ పిల్లలకు చెప్పండి.